ఉప్పు కలిపిన ఐసు

మా బావతో నేను మాట్లాడను. ఆయనా నాతో మాట్లాడడు. ఇంట్లో అందరికీ తెలిసిన సంగతే కాబట్టి భోజనాల దగ్గర మా ఇద్దరి మధ్య ఎవరో ఒకళ్ళని కూర్చోబెడుతుంటారు. ఆ రోజు నా వ్యానులో మా మధ్య కూర్చున్నది ఒక పెట్టె.

థర్మోకోలు పెట్టె. దానికి పైన నీలం సంచి, సంచికి జిప్పు. లోపల ఇంకో చిన్న ప్లాస్టిక్ సంచిలో అరచేతిలో పట్టేంత రక్తం ఉంది. మా చెల్లి అప్పుడే కన్న పిల్లాడి బొడ్డుతాడులోంచి తీసిన రక్తం. దాన్ని ఊరికి ఆ కొసనున్న ల్యాబుకి చేర్చాలి. మా పిచ్చుక బాగుపడాలంటే ఆ రక్తం ప్రాణంతో చేరాలి.

పిచ్చుక నా మేనకోడలు, మా చెల్లికీ బావకీ మొదటి పిల్ల. బడిలో వేరే పేరుంది గానీ ఆ పేరుతో పిలిస్తే పలకదు. దాని ఒంట్లో రక్తం ఊరుతుంది గానీ నిలవదు. తలసీమియా అన్నారు. ఆ మాట సరిగ్గా పలకడం నేను నేర్చుకునేలోపే దానికి చాలాసార్లు రక్తం ఎక్కించేశారు. ఎక్కించిన వారం ఇల్లు పీకి పందిరేస్తుంది. తర్వాత బుగ్గలు పాలిపోతాయి, మెట్ల మీద చతికిలపడిపోతుంది, మళ్ళీ సూది. నేనూ ఇచ్చాను రక్తం. "మామయ్యా, నీ రక్తం ఎక్కితే నాకు మీసాలొస్తాయా?" అని అడిగింది ఒకసారి. మీసాలు రావు గానీ కోపం వస్తుందన్నాను. "నాన్నదైతే?" అంది. నేను నోరు తెరిచేలోపు అదే చెప్పింది, "ఐసొస్తుంది!"

మా బావ ఐసు ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. ఒకప్పుడు నేనూ అక్కడ దిమ్మలు లాగేవాణ్ణి. చేతులకి తొడుగులు ఇప్పించమని అడిగిన పాపానికి ఓనరు నన్ను గేటు బయటికి గెంటిస్తుంటే, ఈయన మీటరు ముల్లు చూసుకుంటూ నిలబడ్డాడు. ఒక్క మాట అనలేదు. అప్పట్నుంచి నేనూ ఆయన్ని ఒక్క మాట అనలేదు. ఎనిమిదో క్లాసు మధ్యలో బడి మానేసిన నాకు ఎవరు పిలిచి ఉద్యోగమిస్తారు? తిరగ్గా తిరగ్గా ఈ బేకరీ వ్యాను దొరికింది. పొద్దున్నే రొట్టెలు వేసుకుని దుకాణాల చుట్టూ తిరుగుతాను. ఒంటికి ఎప్పుడూ రొట్టె వాసన, కడుపులో ఎప్పుడూ మంట.

జబ్బు పూర్తిగా పోవాలంటే ఇంకొకరి కణాలు ఎక్కించాలన్నారు. పిచ్చుకకి వాళ్ళమ్మ కణాలు కుదరలేదు, నాన్నవి కుదరలేదు, నావీ కుదరలేదు. రక్తం గ్రూపు సంగతి కాదట, అంతకన్నా లోతు లెక్కట. చెల్లి మళ్ళీ కడుపుతో ఉన్నప్పుడు పరీక్ష చేసి, లోపలున్న బిడ్డ సరిగ్గా కుదిరాడనీ, వాడికి జబ్బు లేదనీ చెప్పారు. బొడ్డుతాడులో మిగిలే రక్తంలో కొత్త రక్తాన్ని పుట్టించే విత్తనాల్లాంటి కణాలుంటాయట. మామూలుగా మాయతో పాటు పారేసే వస్తువే. పిచ్చుక ఎముకల్లో ఉన్న చెడ్డ పంటని మందులతో మొత్తం పీకేసి, ఈ విత్తనాలు ఎక్కిస్తారు. అవి నాటుకుంటే ఇక సూదుల పని లేదు. డాక్టరమ్మ చెబుతుంటే చెల్లి పొట్ట మీద చెయ్యి వేసుకుని వింది. నేను ఆ చేతినే చూశాను. పుట్టకముందే పనిలో పెట్టేశారు వెధవని అనుకున్నాను.

కాన్పు ల్యాబు ఉన్న పెద్దాసుపత్రిలో జరగాలి. కానీ నొప్పులు ముందే వచ్చేశాయి. ఇంటి దగ్గరి చిన్నాసుపత్రికి తీసుకెళ్ళాం. రక్తం పట్టడానికి ల్యాబు వాళ్ళు ముందే ఇచ్చిన కిట్టు మా ఇంట్లోనే ఉండబట్టి సరిపోయింది. ల్యాబు వాళ్ళు అక్కడి నర్సుతో ఫోనులో మాట్లాడి ఎలా తియ్యాలో చెప్పారు. బావ ఫ్యాక్టరీ నుంచి సరాసరి వచ్చాడు, చేతిలో గోనెసంచి పట్టుకుని. పెళ్ళాం నొప్పులు పడుతుంటే వీడు అన్నం మూట తెచ్చుకున్నాడని లోపల తిట్టుకున్నాను.

పిల్లాడు ఏడ్చాడు. కాసేపటికి నర్సు పెట్టె పట్టుకుని వచ్చి బావ చేతిలో పెట్టింది. "చల్లగా వెళ్ళాలండీ, ఎండ తగలకూడదు, ఇంకోటి..." అంటుండగానే లోపల్నుంచి డాక్టరమ్మ కేకేసింది. నర్సు పరిగెత్తింది. ఆ ఇంకోటి ఏమిటో మాకు చేరలేదు.

నేను వ్యాను తిప్పడానికి వెళ్ళాను. తిప్పుతుంటే అద్దంలో బావ కనిపించాడు. స్తంభం పక్కన వంగి ఏదో సర్దుతున్నాడు. ఆయన మొహం చూడకూడదన్న అలవాటు కొద్దీ అద్దాన్ని పక్కకి నెట్టేశాను.

బయల్దేరాం. ఎండ వ్యాను రేకుని పెనంలా కాల్చేస్తోంది. బావ పెట్టెని మధ్యలో పెట్టి, మూత మీద చెయ్యేసి కూర్చున్నాడు. వంతెన దాటాక ఒక గుంటలో పడి లేచాం.

"పెట్టె గారూ," అన్నాడు బావ, ముందుకే చూస్తూ. "డ్రైవరు గారికి చెప్పండి, కాస్త రోడ్డు చూసి తోలమని."

నేనూ ముందుకే చూస్తూ అన్నాను. "పెట్టె గారూ, గుంటలు మున్సిపాలిటీ తవ్వినవి, నేను తవ్వలేదని చెప్పండి. అంత భయమైతే దిగి నెత్తిన పెట్టుకుని రమ్మనండి."

"రమ్మంటే వచ్చేవాణ్ణే. మోసే ఒళ్ళు కాదు మనదని చెప్పండి."

"అవునవును. నిలబడి చూసే ఒళ్ళని చెప్పండి."

దాంతో కాసేపు పెట్టెకి విశ్రాంతి దొరికింది. సందుల్లోంచి దూరి పోతున్నాను. ముందొక లారీ, పక్కనొక లారీ. హారన్ మీదనుంచి చెయ్యి తియ్యలేదు.

"పెట్టె గారూ, పిల్లాడు ఎవరి పోలికని అడగండి," అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

బావ మూత మీద అరచెయ్యి నిమిరాడు. "చూడలేదు," అన్నాడు చివరికి. "చూస్తూ నిలబడితే ఇది ఆలస్యమైపోతుందని చూడలేదు. అని చెప్పండి."

అప్పుడు నా కాలికి తడి తగిలింది. సీటు మీదనుంచి గేరు రాడ్డు పక్కగా నీళ్ళు కారి, కింద రబ్బరు పట్టా మీద పడుతున్నాయి. పెట్టె అడుగునుంచి వస్తున్నాయి.

"పెట్టె గారూ, మీరెందుకు ఏడుస్తున్నారు?" అన్నాను.

బావ నవ్వాడు. ఆ నవ్వు చాలా ఏళ్ళ తర్వాత విన్నాను. "ఏడుపు కాదని చెప్పండి. మన బందోబస్తు. మన చేతిలో పెట్టాక పాడైపోనిస్తామా?"

పట్టా అంచున కారిన నీళ్ళు వేడికి అప్పుడే ఆరిపోతున్నాయి. ఆరినచోట తెల్లటి గీత మిగిలింది. నేను దాన్నే చూశాను. వంగి వేలితో రాసి నాలిక మీద పెట్టుకున్నాను.

ఐసు ఫ్యాక్టరీలో పని చేసిన ఎవణ్ణయినా అడగండి. ఉత్త ఐసు చల్లగా ఉంచుతుంది, అంతే. అందులో ఉప్పు పడితే చల్లదనం కిందికి దిగిపోయి పక్కనున్నదాన్ని గడ్డకట్టిస్తుంది. దిమ్మలు తయారయ్యేదే ఉప్పునీళ్ళ మధ్య డబ్బాలు ముంచి.

బ్రేకు మీద లేచి నిలబడ్డాను. వెనక ఖాళీ ట్రేలన్నీ వచ్చి నా సీటుకి గుద్దుకున్నాయి.

"ఉప్పేశావా?"

అన్నేళ్ళ తర్వాత ఆయన మొహం చూసి నేనన్న మొదటి మాట అది.

"వేశాను," అన్నాడు. ఆయనా నన్నే చూశాడు. "ఎండ చూడు ఎలా ఉందో. ఉత్త ఐసు దారిలోనే కరిగిపోదూ? రెండు గుప్పిళ్ళు వేశాను."

"అది చేపా? చేపనుకున్నావా అది?"

"ఎందుకలా అరుస్తున్నావ్? చల్లగా వెళ్ళాలంది కదా నర్సు!"

"చల్లగా అంది బావా. గడ్డకట్టించమని అందా?"

ఆయన మొహంలో రంగు పోవడం కళ్ళారా చూశాను. పిచ్చుక బుగ్గలే గుర్తొచ్చాయి. వ్యాను రోడ్డు వార నిలిపి, మూత తీశాం. నర్సు పెట్టిన చల్లటి ప్యాకెట్ల మీద, చుట్టూ, కింద, అంతా చితక్కొట్టిన ఐసు; గోనెసంచిలో బావ తెచ్చింది అన్నం కాదు, ఇదీ, ఉప్పూ. మధ్యలో ఆ చిన్న సంచి. బావ దాన్ని పైకి తీశాడు. నేను ఒక మూలని వేలితో తాకాను. లోపల ఇసక ఉన్నట్టు కరకరమంది. మిగతాది మెత్తగానే ఉంది, లేదా మెత్తగా ఉండాలని నా వేలు అనుకుంది.

బావ ఫోను తీశాడు గానీ అంకెలు నొక్కలేకపోయాడు. నేను లాక్కుని ల్యాబుకి కలిపాను. ఒక ఆడమనిషి గొంతు. జరిగింది చెప్పాను. ఉప్పు అనగానే అవతల్నుంచి మాట లేదు.

"మేడమ్, ఉన్నారా?"

"ఉన్నాను. సంచి పగిలిందా?"

"లేదు. ఒక మూల గట్టిపడింది."

"ఐసంతా తీసి పారెయ్యండి. సంచి పైన తడి తుడవండి. రుద్దకండి, పిసకకండి. వేడి చెయ్యకండి, ఎండలో పెట్టకండి. ఆ ప్యాకెట్లు తుడిచి వాటి మధ్యే పెట్టి, మూతేసి తీసుకురండి."

బావ ఫోను మీదికి వంగాడు. "అమ్మా, బతికుంటాయా?"

"చూస్తే గానీ చెప్పలేను. బయల్దేరండి."

బావ చొక్కా విప్పి సంచి తుడిచాడు. చంటిపిల్లాడికి స్నానం చేయించాక తుడిచినట్టు అద్దాడు. పెట్టెలోని ఐసు రోడ్డు మీద కుమ్మరించాను. కళ్ళముందే నల్లటి తారు మీద పొగలు కక్కింది. బావ బనీనుతో కూర్చున్నాడు.

"పొట్టకి ఆనించుకోనా?" అన్నాడు. "ఒంటి వేడికి కోలుకుంటాయేమో."

"నీ తెలివి చాలు. ఆవిడ వద్దంది. మూత మీద చెయ్యి కూడా తియ్యి."

తీశాడు. ఆ చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మోకాళ్ళ మధ్య ఇరికించుకున్నాడు.

ఆ తర్వాత ఎలా నడిపానో నాకు సరిగ్గా గుర్తు లేదు. రైల్వే గేటు మాత్రం గుర్తుంది. మేం చేరేసరికి కిందికి దిగుతోంది. హారన్ కొట్టాను, తల బయటికి పెట్టి అరిచాను. గేటుమనిషి చేత్తో ఆగమన్నాడు. గూడ్సు వచ్చింది. బొగ్గు పెట్టెలు ఒకదాని వెనక ఒకటి, తాపీగా, ఎవరి పెళ్ళికో వెళుతున్నట్టు.

బావ దిగి, వ్యానుకి ఎండ తగిలే వైపు వచ్చి, కిటికీకి అడ్డంగా నిలబడ్డాడు. పెట్టె మీద నీడ పడేలా చేతులు చాపుకుని నిలబడ్డాడు. వీపు మీద బనీను తడిసిపోయింది. వెనక బస్సులో వాళ్ళు నవ్వుతున్నారు.

నా నోటినిండా మాటలున్నాయి. అన్నేళ్ళూ దాచుకున్నవి, పదును పెట్టుకున్నవి. ఇప్పుడు అంటే ఎదురు చెప్పే దిక్కు కూడా లేదాయనకి. కిటికీ దగ్గరికి జరిగాను.

"చెల్లికి ఏం చెబుతావ్?" అన్నాను.

ఆయన వెనక్కి తిరగలేదు. "నువ్వే చెప్పు," అన్నాడు. "నీకు బాగుంటుంది."

నిజంగానే బాగుంటుందని ఆ క్షణంలో నాకనిపించింది. గూడ్సు చప్పుడులో ఆ సంగతి ఆయనకి వినపడలేదు, అంతే.

ల్యాబు గుమ్మం దగ్గర కాపలావాడు బనీను మనిషిని లోపలికి రానివ్వనన్నాడు. "చొక్కా దీన్ని తుడవడానికి పోయిందయ్యా," అని పెట్టె చూపించాను. వాడికేం అర్థమైందో గానీ పక్కకి జరిగాడు. కళ్ళద్దాల మేడమ్ ఒకావిడ తలుపు తెరిచి పెట్టె తీసుకుంది. ఫోనులో గొంతు ఈవిడదే. మూత తీసి సంచిని చూసి, మొహంలో ఏమీ కనపడనివ్వకుండా లోపలికి వెళ్ళిపోయింది.

గోడవార ఇనప బెంచీ మీద కూర్చున్నాం. మధ్యలో ఒక మనిషి పట్టేంత ఖాళీ వదిలి కూర్చున్నాం. లోపల ఏదో యంత్రం గుర్రుమంటోంది. తలుపు తెరుచుకున్నప్పుడల్లా బావ లేచి నిలబడ్డాడు. ఒకసారి చెత్తబుట్ట వచ్చింది. ఒకసారి టీ వచ్చింది, మాకు కాదు.

"ఒక్క గుప్పెడే వేసి ఉంటే?" అన్నాడు బావ.

"నాకేం తెలుసు?"

"నువ్వూ పని చేశావుగా అక్కడ."

"చేశాను. ఎందుకు మానేశానో కూడా గుర్తుందా?"

ఆయన నేలకేసి చూశాడు. "ఓనరు మనిషి నా పక్కనే ఉన్నాడు. నోరెత్తితే నన్నూ పంపించేవాళ్ళు. అప్పుడే పిచ్చుకకి జబ్బని తెలిసింది. ఇంట్లో ఇంకా ఎవరికీ చెప్పలేదు."

ఆ ముక్క నాకు తెలీదు. తెలిస్తే మాత్రం క్షమించేవాణ్ణా? చెప్పలేను. "ఆ మాట అప్పుడు చెప్పొచ్చుగా," అన్నాను.

"నువ్వు అప్పటికే మాట్లాడ్డం మానేశావు."

మేడమ్ వచ్చింది. ఇద్దరం లేచాం.

"చచ్చిన కణాలు మేము వేసిన రంగు పీల్చుకుంటాయి. బతికినవి పీల్చుకోవు. అలా చూసి లెక్కపెట్టాం," అంది. "మూడొంతుల్లో రెండొంతులు బతికున్నాయి."

బావ రెండు చేతులూ జోడించాడు.

"ఆగండి," అంది ఆవిడ. "మీ అమ్మాయి బరువుకి ఇది చాలదు. ఇదొక్కటే ఎక్కిస్తే నాటుకోకపోవచ్చు. డాక్టరుగారితో మాట్లాడాను. దీన్ని పారెయ్యం. గడ్డకట్టించి దాస్తాం."

బావ జోడించిన చేతులు అలాగే ఉన్నాయి. "గడ్డకట్టిస్తారా?"

"అవును."

"నేను చేసిందీ అదేగా అమ్మా!"

నాకు నవ్వొచ్చిందో ఏడుపొచ్చిందో తెలీదు, మొహం గోడవైపు తిప్పుకున్నాను. మేడమ్ మాత్రం నవ్వలేదు. "మేము కణాల్ని కాపాడే మందు కలుపుతాం. కాస్తకాస్తగా చల్లబరుస్తాం. ఉప్పు వెయ్యం," అంది.

"మూడొంతులూ బతికుంటే సరిపోయేదా?" అడిగాను నేను.

ఆవిడ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. "అంచు మీద ఉండేది. ఇప్పుడు అంచు కిందికి వచ్చింది. ఆ పిల్లాడు కాస్త బరువు పెరిగాక, వాడి ఎముకలోంచి కొద్దిగా మూలుగ తీసి, దీనితో కలిపి అక్కకి ఎక్కించొచ్చు. చేస్తున్న వైద్యమే. కాకపోతే ఏడాది పైన ఆగాలి. అందాకా అమ్మాయికి రక్తం మామూలే."

"వాడి ఎముకలో సూదా?" అన్నాడు బావ.

"మత్తిచ్చే తీస్తారు."

"ఇంకా చూడలేదు నేను వాణ్ణి," అన్నాడు బావ ఆవిడతో. ఆవిడకి అర్థం కాలేదు.

తిరుగుదారిలో మధ్య సీటు ఖాళీ. పెట్టె ల్యాబులోనే ఉండిపోయింది. ఎవరి ద్వారా మాట్లాడుకోవాలో తెలియక ఇద్దరం నోరు మూసుకుని వచ్చాం. రైల్వే గేటు తెరిచే ఉంది.

ఆసుపత్రి గదిలో చెల్లి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, ఒళ్ళో పిల్లాడు. మంచం కొసన పిచ్చుక. పక్కింటావిడ తెచ్చి దించి వెళ్ళిందట. మమ్మల్ని చూడగానే చెల్లి అడిగింది, "అందిందా?"

బావ మొగుడిలా కాదు, తప్పు చేసి పట్టుబడ్డవాడిలా గుమ్మంలో ఆగిపోయాడు. చెల్లి ఆయన బనీను వైపు చూసింది.

"చొక్కా ఏది?"

నా నోట్లో మాట తయారుగా ఉంది. ఎలా మొదలుపెట్టాలో కూడా దారిలో అనుకున్నాను. నేను గొంతు సవరించుకునేలోపు బావ అన్నాడు, "ఐసులో ఉప్పు వేశాను. నేనే వేశాను. కొన్ని చచ్చిపోయాయి. చాలదట."

చెల్లి ఒళ్ళోని పిల్లాడి కాలు దుప్పట్లోంచి బయటికొస్తే, లోపలికి సర్దింది. మూలుగ సంగతి, ఏడాది సంగతి బావ ముక్కలు ముక్కలుగా చెప్పాడు. అంతా విని, ఆయన్ని వదిలేసి నావైపు చూసింది.

"నువ్వు పక్కనే ఉన్నావుగా అన్నయ్యా?"

"నేను వ్యాను తిప్పుతున్నానమ్మా."

"నీ వ్యానుకి అద్దాల్లేవా?"

కిటికీలోంచి బయటికి చూశాను. బయట చూడ్డానికి ఏమీ లేదు, ఇంకో గోడ.

"రా, చూడు వీణ్ణి," అంది చెల్లి, నాతో కాదు. బావ వెళ్ళి వంగాడు. తాకడానికి చెయ్యి చాపి, ఆ చేతిని తన బనీనుకి తుడుచుకున్నాడు. మళ్ళీ చాపాడు. మళ్ళీ తుడుచుకున్నాడు. చివరికి చెల్లే విసుక్కుని, పిల్లాణ్ణి ఎత్తి ఆయన చేతుల్లో పెట్టేసింది.

పిచ్చుక ఇదంతా తలతిప్పి తలతిప్పి చూస్తోంది.

"తమ్ముడి రక్తం నాకు రేపు ఎక్కిస్తారా?"

బావ పిల్లాడితో పాటు వచ్చి గోడవార బల్ల మీద కూర్చున్నాడు. నేనూ అక్కడే, ఇవతలి కొసన కూలబడ్డాను.

"రేపు కాదు తల్లీ," అన్నాను. "వాడు నిలబడి నడిచాక."

"అప్పటిదాకా సూదులేనా?"

"సూదులే."

అది పెదవి కొరుక్కుంటూ ఏదో లెక్కేసుకుంది. ఏ లెక్కో అడగలేదు నేను. బావ పిల్లాడి మొహంలోంచి తలెత్తి నన్ను చూశాడు. "వచ్చేవారం దానికి రక్తం ఎక్కించాలి. నువ్విస్తావా, నన్నివ్వమంటావా?"

"నేనిస్తా," అన్నాను. "నీది ఎక్కితే ఐసొస్తుందట."

పిచ్చుక నవ్వలేదు. మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూసింది. మంచం దిగి వచ్చి, ఎప్పుడూ కూర్చున్నట్టే మా ఇద్దరి మధ్య కూర్చుంది. దాని తల నా చేతికి ఆనింది. పైనుంచి చూస్తుంటే, బుగ్గలు అప్పుడే పాలిపోవడం మొదలుపెట్టాయి.